మామ్మ భోషాణంలో బీరు కుళాయి: తరచుగా అడిగే ప్రశ్నలు

మా సావిట్లో గోడవారన ఐదడుగుల టేకు భోషాణం ఉంది. మూత మీద మూరెడు ఎత్తున స్టీలు గొట్టం, దానికి నల్ల పిడి ఉన్న కుళాయి. పిడి ముందుకి లాగితే గ్లాసు మంచు పట్టేంత చల్లటి సోడా వస్తుంది. రాజోలు నుంచి భీమవరం దాకా చుట్టాల్లో ఈ సంగతి పాకిపోయింది. అందరూ అడిగేవి అవే ప్రశ్నలు. ఫోన్లో చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇక్కడ రాసి పెడుతున్నాను. కట్టుకునే ఉద్దేశం ఉన్నవాళ్లు మొత్తం చదవండి. ఊరికే నవ్వుకోవడానికి వచ్చినవాళ్లు కిందున్న బల్లి ప్రశ్న దగ్గరికి వెళ్లిపోండి.

అసలు ఇదేంటండీ?

బార్లో డ్రాఫ్ట్ బీరు పట్టే ఏర్పాటే, ఇంటికి సరిపడా చిన్నది. ఒక స్టీలు కెగ్గు (ఒత్తిడి తట్టుకునే పీపా), కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, రెగ్యులేటరు, రెండు ట్యూబులు, ఒక కుళాయి. ఇవన్నీ చల్లటి పెట్టెలో ఉంటాయి. గ్యాసు పైనుంచి నెడుతుంది, సరుకు అడుగు నుంచి గొట్టంలో ఎక్కి బయటికి వస్తుంది. విదేశాల్లో పాత ఫ్రిజ్జుకి ఇలా కుళాయి బిగించుకుని దాన్ని కెజరేటర్ అంటారు. మా ఇంట్లో మాత్రం దాని పేరు "పెట్టె".

బీరు కుళాయి అని సోడా పోస్తారేంటి?

మొదలుపెట్టింది బీరు కోసమే, దాచడం దేనికి. మా బావ అమెరికాలో ఉంటాడు. అక్కడ ఇంట్లో తాగడానికి బీరు కాచుకోవచ్చని 1978లోనే చట్టం చేశారు. పెద్దలిద్దరున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా పన్ను లేదు. ఆయన పోయినసారి వస్తూ ఒక ఖాళీ కెగ్గు బట్టల మధ్య చుట్టి తెచ్చాడు. దాన్ని చూసుకుని నేను పెట్టె పని మొదలెట్టేశాను. సగం అయ్యాక గానీ అసలు మాట తట్టలేదు: ఇందులోకి బీరు ఎక్కణ్ణుంచి వస్తుంది?

మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాస్తే 1968 నాటి ఎక్సైజు చట్టం కింద నేరం. మందు షాపులో దొరికేవి సీసాలు, టిన్నులు. కెగ్గు ఇమ్మంటే కౌంటరు వెనక కుర్రాడు నన్ను ఎగాదిగా చూశాడు. అలా సోడాకి వచ్చాం.

తీరా చూస్తే ఆ కెగ్గు పుట్టిందే కూల్‌డ్రింకుల కోసం. కూల్‌డ్రింకు కంపెనీలు సిరప్పు నింపి హోటళ్లకి పంపడానికి చేయించుకున్న డబ్బాలవి. పెప్సీ వాళ్లది ఒక రకం క్లిప్పు, కోకాకోలా వాళ్లది ఇంకో రకం. వాళ్లు వేరే పద్ధతికి మారాక పాత డబ్బాలు చవగ్గా వచ్చిపడితే, ఇంట్లో బీరు కాచుకునేవాళ్లు ఎత్తుకున్నారు. సోడావాళ్ల సరుకు బీరువాళ్లు అరువు తెచ్చుకున్నారు, నేను తిరిగిచ్చేశానంతే.

షాపులో కొన్న బీరు కెగ్గులో పోసుకుంటే?

వద్దు. పోస్తుండగానే సగం గ్యాసు పోతుంది, గాలి కలుస్తుంది, నాలుగు రోజులకి తడిసిన అట్టపెట్టె రుచి వస్తుంది. కెగ్గు నిండాలంటే 650 మిల్లీలీటర్ల సీసాలు 29 కావాలి. అన్ని సీసాలు ఒకేసారి ఇంట్లో ఉంటే ఎక్సైజు వాళ్లకి జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. ఆ సీసా ఏదో ఫ్రిజ్జులోనే పెట్టుకోండి.

బారు కెగ్గూ ఇదీ ఒకటేనా?

కాదు. బారుది 30 లేదా 50 లీటర్లు, పైన ఒకటే నోరు, దానికి కప్లర్ అని వేరే తాళం. నాది 19 లీటర్లు. సుమారు 63 సెంటీమీటర్ల ఎత్తు, 22 సెంటీమీటర్ల లావు, మూత ఊడొస్తుంది, చెయ్యి లోపల పెట్టి కడగొచ్చు. ఇంటికి ఇదే మేలు.

భోషాణమే ఎందుకు? పాత ఫ్రిజ్జు చాలదా?

చాలు. నిజం చెప్పాలంటే అదే తెలివైన పని. సింగిల్ డోర్ ఫ్రిజ్జులో అరలు తీసేసి, కెగ్గు నిలబెట్టి, తలుపుకి హోల్ సాతో ఒక బెజ్జం కొడితే పూటలో అయిపోతుంది. తలుపులో పైపులుండవు కాబట్టి భయం లేదు.

నాకు భోషాణం ఎందుకంటే అది మామ్మది. ఇత్తడి గుండిగలు, పట్టుచీరలు, పండగలకి మాత్రమే బయటికొచ్చే వెండి మరచెంబు అందులో ఉండేవి. మామ్మ పోయాక సామాను పంచుకున్నారు, పెట్టె మాత్రం ఎవరికీ అక్కర్లేకపోయింది. అడుగు పలకలు చెదలు తినేశాయి. పాత సామాన్లు కొనేవాళ్లు వచ్చి బేరం చేశారు, మనసొప్పలేదు. ఇప్పటికీ మూత ఎత్తితే కర్పూరం, పాత పసుపు కలిసిన వాసన లీలగా వస్తుంది. సోడాకి మాత్రం పట్టలేదు లెండి.

పాత మూతకి బెజ్జం కొట్టే ధైర్యం నాకూ లేదు, వడ్రంగికీ లేదు. మూతలో మధ్య పలక ఒకటి ఊడదీసి అటక మీద దాచాం. దాని స్థానంలో కొత్త టేకు పలక వేసి, దానికే కుళాయి గొట్టం బిగించాం. రేపు ఎవరికైనా పెట్టె పెట్టెగానే కావాలంటే పాత పలక మళ్లీ కూర్చుంటుంది.

ఐస్‌క్రీమ్ డీప్ ఫ్రీజర్ పాతది ఉంది. బెజ్జం ఎక్కడ కొట్టాలి?

గోడలకి మాత్రం కొట్టొద్దు. డీప్ ఫ్రీజర్ గోడల్లోనే గ్యాసు పైపులు చుట్టి ఉంటాయి. డ్రిల్లు ఒక్క పైపుకి తగిలితే ఫ్రీజరు పాత ఇనుం కింద లెక్క. మూత తీసేసి, పెట్టెకీ మూతకీ మధ్య ఆరంగుళాల ఎత్తు చెక్క చట్రం పెట్టండి, కుళాయి ఆ చెక్కకి బిగించండి. ఫ్రీజరుకి ఒక్క గీతా పడదు.

భోషాణానికి చలి ఎలా వచ్చింది?

ఇక్కడే నాలుగు నెలలు పోయాయి. అందరూ కుళాయి గురించీ గ్యాసు గురించీ అడుగుతారు. కుళాయి బిగించడం గంట పని. మన ఉక్కలో, చలిని పెట్టె అడుగు నుంచి కుళాయి మూతి దాకా చెదరకుండా తీసుకెళ్లడమే అసలు పని.

పాత సింగిల్ డోర్ ఫ్రిజ్జు యూనిట్టు తీయించాను: కంప్రెసరు, వెనక నల్ల జాలీ, పైన ఉండే అల్యూమినియం ఫ్రీజరు పెట్టె. మా ఊరి మెకానిక్ భోషాణం చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఆయ్, ఇందులో శవాన్ని గానీ పెడతారేంటండీ బాబూ" అన్నాడు. పని మాత్రం నీటుగా చేశాడు. పైపు కోసి, మళ్లీ అతికించి, వ్యాక్యూమ్ పట్టి, గ్యాసు నింపాడు. ఇది మీరు చేసే పని కాదు. నాది ఆర్-134ఎ గ్యాసు ఉన్న పాత యూనిట్టు. కొత్త ఫ్రిజ్జుల్లో చాలావాటికి ఆర్-600ఎ వస్తోంది. అది మండే గ్యాసు, దాని దగ్గర మంట పెట్టి పైపులు అతికించడం తెలిసినవాడి పని. యూనిట్టు ప్లేటు మీద రాసి ఉంటుంది, ముందు అది చదవండి.

భోషాణాన్ని అడ్డపలకతో రెండు గదులు చేశాం. పెద్దది చలిగది, లోపలి కొలత మీటరు పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు, 70 లోతు. పక్కన చిన్నది కంప్రెసరు గది. దానికి కింద ఒక జాలీ, పైన ఒక జాలీ, ఒక చిన్న ఫ్యాను. కంప్రెసరుకి ఊపిరాడాలి. దాన్ని మూసిపెట్టి చలి రాలేదని మెకానిక్‌ని తిట్టడం అన్యాయం.

మొదట్లో చలిగదికి లోపల అంగుళం థర్మోకోల్ అతికించాను. పొద్దున్న పెట్టిన కంప్రెసరు రాత్రికి కూడా ఆగలేదు. లోపల 14 డిగ్రీలు. అప్పుడు కాగితం మీద లెక్క వేశాను. గోడలన్నీ కలిపి సుమారు మూడున్నర చదరపు మీటర్లు. బయట 38, లోపల 4 కావాలంటే అంగుళం థర్మోకోల్ లోంచి 170 వాట్ల వేడి లోపలికి కారుతోంది. ఇలాంటి చిన్న కంప్రెసరు తోడిపోసేది వంద వాట్లు అటూ ఇటూ. చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. థర్మోకోల్ అంతా పీకేసి, 50 మిల్లీమీటర్ల పఫ్ షీటు (చలి కారకుండా ఆపే గట్టి ఫోమ్) వేసి, సందుల్లో ఫోమ్ స్ప్రే కొట్టాక, ఆ కారుడు 60 వాట్లకి దిగింది. ఆ రాత్రి పదకొండింటికి కంప్రెసరు మొదటిసారి టక్కుమని ఆగింది. సావిట్లో అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు.

చెక్క పాడవదా? మనకి తేమ ఎక్కువ కదా?

పాడవుతుంది, జాగ్రత్త పడకపోతే. మన గాలిలో తేమ చల్లటి చోటు ఎక్కడుందా అని వెతుక్కుంటూ వెళ్లి అక్కడ నీరవుతుంది. పఫ్ షీటు సందుల్లోంచి గాలి లోపలికి పాకితే, చెక్కకీ షీటుకీ మధ్య చెమ్మ పట్టి బూజు వస్తుంది. కాబట్టి తేమని ఆపే పొర షీటుకి వేడి వైపున, అంటే చెక్క వైపున ఉండాలి. దళసరి ప్లాస్టిక్ షీటు పరిచి అతుకులన్నీ అల్యూమినియం టేపుతో మూశాను. లోపలి వైపు కూడా మూసేద్దాం అన్నాడు మెకానిక్. నేనొద్దన్నాను, ఎక్కడైనా చెమ్మ చేరితే అది ఆరడానికి దారి ఉండాలి. మూతకి ఫ్రిజ్జు గ్యాస్కెట్టు కొని చుట్టూ అతికించాం. అడుగున వాలు పెట్టి చిన్న నీటి గొట్టం వదిలాం. ఆషాఢంలో రోజుకి అర గ్లాసు నీళ్లు వస్తాయి.

మొదటి గ్లాసు అంతా నురగే వస్తోంది. ప్రెజరు తగ్గించాలా?

ముట్టుకోవద్దు. పదిమందిలో తొమ్మిదిమంది చేసేది ఇదే, నేనూ చేశాను. ప్రెజరు తగ్గిస్తే రెండు రోజుల్లో సోడా చప్పబడుతుంది, నురగ మాత్రం అలాగే ఉంటుంది.

లోపం ప్రెజరులో లేదు, వేడిలో ఉంది. కెగ్గులో సోడా 4 డిగ్రీల్లో ఉంటుంది. మూత పైన నిలబడ్డ గొట్టంలో మిగిలిపోయిన నాలుగు గుక్కలు మాత్రం సావిటి వేడికి 30 డిగ్రీలకి చేరతాయి. నీళ్లు 30 డిగ్రీల్లో పట్టి ఉంచుకోగల గ్యాసు, 4 డిగ్రీల్లో పట్టి ఉంచేదానిలో సగం కూడా ఉండదు. అందుకే కుళాయి తిప్పగానే ఆ నాలుగు గుక్కల్లోంచి గ్యాసు విడిపోయి, వెనకొచ్చే చల్లటి దాన్ని కూడా చెడగొడుతుంది. రెండో గ్లాసు బాగా వస్తోందంటే జబ్బు ఇదే.

మందు సులువు. కంప్యూటర్లో ఉండే 12 వోల్టుల ఫ్యాను ఒకటి చలిగదిలో పెట్టి, దానికి ఒక మెత్తటి హోసు తగిలించి, ఆ హోసు కొసని కుళాయి గొట్టం పై దాకా దూర్చండి. చల్లటి గాలి గొట్టం నిండా తిరిగి కిందికి వస్తుంది. ఆ రోజు గొట్టం బయట చెయ్యి పెట్టి చూస్తే, మామ్మ కుంకుడుకాయలు నానబెట్టిన కంచుగిన్నెలా చల్లగా తగిలింది. ఇప్పుడు ఆ గొట్టానికి బయట చెమటలు పడుతున్నాయి, అది వేరే గొడవ. పాత తువ్వాలు చుట్టి పెడుతున్నాను.

ఇంకో కారణం ట్యూబు పొడవు. సోడాకి ప్రెజరు ఎక్కువ కాబట్టి, 5 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న ట్యూబు 7 మీటర్ల దాకా చుట్ట చుట్టి పెట్టాలి. ఆ పొడవులో రాసుకుంటూ వచ్చి జోరు తగ్గుతుంది. బీరుకైతే 3 మీటర్లు చాలు. ట్యూబు పొట్టిగా ఉంటే కుళాయి లోంచి పొలంలో మోటారు పోసినట్టు పోస్తుంది.

ఇక పట్టేవాడి తప్పులు. కుళాయి సగం తిప్పితే నురగొస్తుంది, ఒక్క లాగుడుకి పూర్తిగా తెరవాలి. గ్లాసు వంచి పట్టాలి.

ఎంత ప్రెజరు పెట్టాలి?

4 డిగ్రీల దగ్గర బీరుకి 12 పీఎస్ఐ (ఒత్తిడి కొలిచే లెక్క), సోడాకి 28 నుంచి 30. అలా వదిలేస్తే నాలుగైదు రోజుల్లో గ్యాసు ఎక్కుతుంది. చుట్టాలు రేపే వస్తున్నారంటే, చల్లబడ్డ కెగ్గుని 30 పీఎస్ఐ మీద ఉంచి ఒళ్లో పెట్టుకుని పది నిమిషాలు ఊపండి. లోపలికి గ్యాసు వెళ్తున్న చప్పుడు వినబడుతుంది, అది ఆగాక కాసేపు నిలబెట్టండి. వేడి నీళ్లతో ఇది చేస్తే చేతులు నొప్పి తప్ప ఏమీ రాదు. 34 డిగ్రీల నీళ్లతో నింపిన కెగ్గు ఈ పెట్టెలో చల్లబడ్డానికి ఒక రాత్రీ, మర్నాడు ఒక పూటా పడుతుంది.

గ్యాసు ఎక్కడ దొరుకుతుంది? వెల్డింగు వాళ్ల సిలిండరు వాడొచ్చా?

లోపల ఉండేది అదే గ్యాసు, కానీ తాగేదానికి ఆహార పదార్థాల గ్రేడుదే అడగండి. రాజమండ్రి, కాకినాడ, భీమవరం లాంటి చోట్ల సోడా, కూల్‌డ్రింకు వ్యాపారాలకి సిలిండర్లు నింపేవాళ్లు ఉంటారు. సోడా బండి నడిపే ఆయన్ని అడిగితే ఫోను నంబరుతో సహా చెబుతాడు. సిలిండరు భుజం మీద టెస్టు తేదీ చెక్కి ఉంటుంది, అది దాటిపోతే తీసుకోవద్దు.

మంటలార్పే సిలిండరు వాడదామని ఒకాయన అడిగారు. దయచేసి వద్దు. దాని లోపల అడుగు దాకా గొట్టం ఉంటుంది, గ్యాసు బదులు ద్రవం ఎగదన్నుకొస్తుంది, రెగ్యులేటరు పోతుంది.

రెండు కిలోల సిలిండరుతో నాకు ఆరేడు కెగ్గులు వస్తున్నాయి.

రెగ్యులేటరు?

నేను మోసపోయింది ఇక్కడే. దుకాణంలో కార్బన్ డయాక్సైడ్ రెగ్యులేటరే అని ఒకటి అంటగట్టారు. ఇంటికొచ్చి చూస్తే రెండో మీటరు మీద పీఎస్ఐ లేదు, నిమిషానికి లీటర్లు ఉన్నాయి. అది వెల్డింగుది, గ్యాసు ఎంత పారుతోందో చూపిస్తుంది, ఎంత ఒత్తిడి ఉందో కాదు. విప్పిన సామాను వెనక్కి తీసుకోం అన్నారు. మీరు కొనేటప్పుడు రెండో మీటరు మీద 0 నుంచి 60 పీఎస్ఐ ఉందో లేదో చూసి గానీ జేబులో చెయ్యి పెట్టకండి.

సిలిండరు పెట్టెలో పెట్టగానే ముల్లు సగానికి పడిపోయింది. లీకా?

కాదు, చలి. బయట ఎండాకాలం 1000 పీఎస్ఐ దాటి చూపించే సిలిండరు, 4 డిగ్రీల పెట్టెలో 550 దగ్గర నిలబడుతుంది. లోపల ద్రవం ఉన్నంతకాలం ముల్లు అక్కడే ఉంటుంది, అయిపోవచ్చాక ఒక్కసారిగా పడుతుంది. ఎంత మిగిలిందో తెలియాలంటే ముల్లు చూడకండి, కాటా మీద పెట్టండి.

పేలుతుందా?

ఈ గ్యాసుకి 31 డిగ్రీలు ఒక గట్టు. అది దాటితే లోపల ద్రవమన్నదే ఉండదు, ఆ పైన ప్రతి డిగ్రీకీ ఒత్తిడి వేగంగా ఎక్కుతుంది. రోహిణి కార్తెలో కారు డిక్కీలో సిలిండరు వదిలేసి భోజనానికి వెళ్లకండి. సిలిండరుకి పలచటి రక్షణ బిళ్ల ఉంటుంది. ఒత్తిడి హద్దు దాటితే అది చిరిగి గ్యాసు బయటికి పోతుంది. ఎక్కువ నింపించుకుంటే ఆ బిళ్ల చిరిగే రోజు తొందరగా వస్తుంది.

నేను ఎక్కువ భయపడేది లీకుకి. ఈ గ్యాసు గాలి కంటే బరువు. పదడుగుల గదిలో రెండు కిలోలు మొత్తం వదిలేస్తే గాలిలో నాలుగు శాతం దాకా చేరుతుంది, అది ప్రాణం మీదికి వచ్చే మోతాదు. సావిడి తెరిచి ఉంటుంది కాబట్టి మాకు ఫర్వాలేదు, ఏసీ పడగ్గదిలో మాత్రం దీన్ని పెట్టొద్దు. భోషాణం అంటే బావి లాంటిది, లీకైతే అడుగున నిలిచిపోతుంది. మూత ఎత్తగానే తల లోపల దూర్చకండి. ముక్కులో సోడా తాగి తేన్చినట్టు ఘాటు తగిలిందా, వెనక్కి జరిగి, కిటికీలు తెరిచి, కాసేపాగి రండి. సబ్బు నురగ రాసి ప్రతి అతుకూ చూడండి, బుడగ లేచిన చోట లీకు.

కల్లు పెట్టొచ్చా?

ఇది అడగనివాళ్లు లేరు! కల్లు ముంతలో ఉండగానే పులవడం మొదలెడుతుంది, చల్లబెడితే నెమ్మదిస్తుంది గానీ ఆగదు. కెగ్గులో మూసిపెడితే తనే గ్యాసు చేసుకుంటుంది. మడ్డి ట్యూబులో పేరుకుంటుంది. మర్నాటికి పుల్లబడిపోతుంది. కల్లు చెట్టు కింద తాగాల్సిందే.

కొబ్బరినీళ్లు, చెరుకురసం, సుగంధి?

కొబ్బరినీళ్లు కోనసీమలో కెగ్గులో పెట్టుకోవడం సముద్రానికి ఉప్పు మోసినట్టు. అయినా చేశాం. రెండు రోజులు బాగుంటాయి, మూడో రోజు వాసన మారుతుంది. చెరుకురసం గంటల్లోనే నల్లబడుతుంది, వద్దు.

సుగంధి సిరప్పు కెగ్గులోనే కలిపితే అద్భుతంగా ఉంటుంది, కానీ ఆ వాసన రబ్బరు వాషర్లకి పట్టిందంటే ఇక వదలదు. తర్వాత మూడు కెగ్గుల మంచినీళ్ల సోడా కూడా సుగంధి వాసనే వేసింది. పైగా తీపి కుళాయిలో ఎండి బంకగా పట్టుకుంటుంది, చీమలు బారులు తీరతాయి. ఇప్పుడు కెగ్గులో వట్టి సోడానే. నిమ్మకాయ, ఉప్పు, సుగంధి, అల్లంరసం పక్కన సీసాల్లో ఉంటాయి, ఎవరిక్కావాల్సింది వాళ్లు గ్లాసులో కలుపుకుంటారు. సోడా బండివాళ్లు చేసేదీ అదే, నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. రామచంద్రపురం ఆర్టోస్ కూల్‌డ్రింకు రుచి ఇంట్లో తెప్పిద్దామని ద్రాక్షరసంతో కూడా ప్రయత్నించాను. రాలేదు. ఆర్టోస్ సీసా కొనుక్కోండి.

నీళ్లు మాత్రం తాగే టిన్ను నీళ్లే. మా బోరునీళ్లకి ఉప్పు తగులుతుంది, గ్యాసెక్కితే ఆ ఉప్పు ఇంకా బయటపడుతుంది.

థర్మోస్టాటు ఏది?

ఎస్‌టీసీ-1000 అని, చలి చూసి కంప్రెసరుని ఆపి నడిపే చిన్న డిజిటల్ డబ్బా. ఎఫ్1లో 4 డిగ్రీలు, ఎఫ్2లో తేడా 1 డిగ్రీ, ఎఫ్3లో ఆగాల్సిన సమయం 5 నిమిషాలు. ఎఫ్3 ముఖ్యం. మన దగ్గర కరెంటు పోయి క్షణంలో వస్తుంది. ఆగిన కంప్రెసరు వెంటనే మళ్లీ లేవాలంటే మూలుగుతుంది, అలా నాలుగుసార్లు మూలిగితే కాలిపోతుంది. ఐదు నిమిషాలు ఆగితే లోపలి ఒత్తిడి సర్దుకుంటుంది. లో వోల్టేజీ ఉన్న వీధిలో స్టెబిలైజరు కూడా పెట్టండి.

దాని సెన్సరు వైరుని కెగ్గుకి ఆనించి, పైన స్పాంజి ముక్క పెట్టి టేపు చుట్టండి. నాది ఒకసారి ఊడి మూత గ్యాస్కెట్టు పక్కన పడింది. అక్కడ వెచ్చగా ఉంటుంది కదా, పెట్టె ఇంకా చల్లబడలేదనుకుని కంప్రెసరు రాత్రంతా తిరిగింది. పొద్దున్న కుళాయి తిప్పితే ఏమీ రాలేదు. కెగ్గు ఊపితే లోపల ఐసుగడ్డ ఠంగుమని కొట్టుకుంది.

బల్లి సంగతేంటి?

ఒకరోజు కంప్రెసరు మూలుగుతోంది, తిరగట్లేదు. మెకానిక్ వచ్చి పక్కనున్న రిలే (కంప్రెసరుని స్టార్టు చేసే స్విచ్చి) డబ్బా మూత విప్పాడు. లోపల బల్లి, రెండు టెర్మినళ్ల మీదా కాళ్లు పెట్టి, ఎండు మిరపకాయలా మాడిపోయి ఉంది. వెచ్చగా ఉందని దూరినట్టుంది. బల్లి పడితే ఏ ఫలితమో పంచాంగంలో ఉంది గానీ, రిలేలో పడితే ఏం ఫలితమో లేదని మెకానిక్ తెగ నవ్వాడు. కొత్త రిలే ఆయనకి ఫలితం, నాకు ఖర్చు. జాలీలకి దోమతెర అతికించాక మళ్లీ రాలేదు.

ఎలుకలు వేరే. ట్యూబు కొరికితే 30 పీఎస్ఐ సోడా వాటి మొహం మీదే కొడుతుంది, అయినా కొరుకుతాయి. బెజ్జాలన్నీ స్టీలు పీచు కుక్కి మూయండి.

ఎర్తింగు?

తప్పనిసరి. తడి, స్టీలు, కరెంటు ఒకే పెట్టెలో ఉన్నాయి. ఎర్తు లేని ప్లగ్గులో పెట్టొద్దు.

వరదొస్తే?

మాది లంక కాదు గానీ ఏటిగట్టు దగ్గరే. 2022 జులైలో లంకల్లో ఇళ్లు మునిగినప్పుడు మా వీధి చివరిదాకా నీళ్లొచ్చాయి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి 17.75 అడుగులు దాటితే మూడో హెచ్చరిక. నేను రెండో హెచ్చరికకే ప్లగ్గు పీకి, సిలిండరు మేడ మీదికి ఎక్కిస్తాను. భోషాణం ఎప్పుడూ నాలుగు వరసల ఇటుకల మీదే ఉంటుంది.

పెళ్లికి పట్టుకెళ్లొచ్చా?

భోషాణాన్నా? ఆరుగురు మోయాలి. పెళ్లికి వేరే పద్ధతుంది. భీమవరం వైపు రొయ్యలు ఎత్తే పెద్ద ఐసుబాక్సు ఒకటి కొత్తది తీసుకుని, అందులో 15 మీటర్ల స్టీలు కాయిల్ పెట్టి, పైన ఐసు కొట్టించి పోయండి. వేడి కెగ్గు బయటే ఉంటుంది, సోడా కాయిల్లోంచి వచ్చేలోపు చల్లబడుతుంది. ఐసు ఫ్యాక్టరీ ఐసు తినేది కాదు, కానీ ఇక్కడ అది గొట్టం బయటే ఉంటుంది కాబట్టి ఫర్వాలేదు. ఒక కెగ్గుకి లెక్క ప్రకారం 7 కిలోల ఐసు చాలు, మే నెల పందిట్లో 15 అనుకోండి. ఒక్క మాట, సోడాలో గ్యాసు మాత్రం ముందురోజే, చల్లగా ఉండగానే ఎక్కించుకోవాలి.

కడగడం?

రెండు వారాలకోసారి గోరువెచ్చటి నీళ్లలో వంటసోడా కలిపి ట్యూబంతా పోనిచ్చి, మంచినీళ్లతో రెండుసార్లు తొలిచేయండి. బ్లీచింగు స్టీలుకి తగిలించొద్దు, సూదిమొనంత గుంటలు పడతాయి. కుళాయి మూతి రోజూ తడిబట్టతో తుడవండి.

ఖర్చెంతయింది?

పాత ఫ్రిజ్జుతో చేసుకుంటే అయ్యేదానికి రెట్టింపు. మా ఆవిడ ఈ పేజీ చదువుతుంది కాబట్టి అంకె రాయను.

నాకూ ఒకటి కట్టిపెడతారా?

కట్టనండీ. ఆదివారం పూట వస్తే చూపిస్తాను, సోడా పోస్తాను, బెజ్జం కొట్టే హోల్ సా అరువిస్తాను. 25 మిల్లీమీటర్లది మాత్రం అడక్కండి. పోయిన సంక్రాంతికి పట్టుకెళ్లిన ఆయన ఇంకా తెచ్చివ్వలేదు.